దామలచెరువు మండీ టోకెన్ యాప్‌కి క్లౌడ్ వెతికిన లెక్క: ప్రాజెక్టు డైరీ

నిరుడు సీజనంతా మామ మామిడి మండీలో టోకెన్ల యాప్ ఆఫీసు గదిలోని పాత ల్యాప్‌టాప్ మీదే నడిచింది. కరెంటు పోతే రూటర్ ఆగేది, దాంతో బయట లైన్లో ఉన్నవాళ్ల ఫోన్లలో పేజీ నిలిచిపోయేది. జూన్‌లో ఒకరోజు ఏకంగా మూడు గంటలు నిలిచింది. తోతాపురిని మా వైపు బెంగళూరు కాయ అంటారు. ఈ ఏడు ఆ కాయ దిగేలోపల యాప్‌ని క్లౌడ్‌కి, అంటే నెట్‌లో అద్దెకి దొరికే సర్వర్‌కి, మార్చాలని ఏప్రిల్ 5న కూర్చున్నాను, మే 18కి పని తేలింది. ఏది పెట్టాను, ఏది తీసేశాను, ఎందుకు తీసేశాను అన్నది తేదీలవారీగా రాస్తున్నాను. ఇలాంటి చిన్న యాప్ నడిపేవాళ్లకి నాకు పోయిన రోజులు పోకుండా ఉంటే చాలు.

యాప్ చేసే పని చిన్నది. గేటు దగ్గర గుమాస్తా అన్న బండి నంబరు, రైతు పేరు, కాయ రకం కొడితే టోకెన్ వస్తుంది. కాటా మీద ఇప్పుడు ఏ నంబరు ఉంది, తన ముందు ఇంకా ఎన్ని బండ్లున్నాయి అన్నది రైతు ఫోన్లో చూసుకుంటాడు. పొద్దున మామ చెప్పే టన్ను ధర కూడా అదే పేజీలో ఉంటుంది. నోడ్‌లో (జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపేది) రాశాను, డేటా ఒక ఎస్‌క్యూలైట్ ఫైల్లో (ఒకే ఫైలుగా ఉండే చిన్న డేటాబేస్) ఉండేది. బాగా రద్దీ రోజున 400 ఫోన్లు తెరిచి ఉంటాయి, ఒక్కోటి 30 సెకన్లకోసారి పేజీని అడుగుతుంది. అంటే సెకనుకి 13 రిక్వెస్టులు. సర్వర్‌కి ఇది బరువే కాదు. కానీ తెల్లవారుజామున 4 నుంచి 9 లోపల ఆగిందంటే గేటు దగ్గర గొడవే.

ముందే కాగితం మీద రాసి గోడకి అంటించిన షరతులు:

1. గేటు దగ్గర 4జీ ఫోన్లో పేజీ తెరుచుకోవడానికి 2 సెకన్లు మించకూడదు.
2. నెల బిల్లు జీఎస్టీతో కలిపి రూ. 2,500 లోపల ఉండాలి.
3. నేను ఊర్లో లేనప్పుడు కొత్త వెర్షన్ చెడితే, బావమరిది ఒక్కడే పాతదానికి తిప్పగలగాలి. వాడు చదివింది బీకాం, కోడ్ రాయడు.
4. సర్వర్ మొత్తం పోయినా 30 నిమిషాల్లో మళ్లీ నిలబడాలి.

దశ 1: దూరం కొలవడం (ఏప్రిల్ 5–7)

ఏ రీజియన్ (క్లౌడ్ కంపెనీ సర్వర్లు ఉన్న చోటు) ఎంచుకోవాలన్న దాని మీద అందరూ మ్యాపు చూసి మాట్లాడతారు. నేను ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని మండీ గేటు పక్కన, కాటా షెడ్డు కింద కూర్చుని కొలిచాను. మన దేశంలో అమెజాన్‌కి ముంబై (2016 నుంచి), హైదరాబాద్ (2022 నుంచి) ఉన్నాయి. గూగుల్‌కి ముంబై, ఢిల్లీ. మైక్రోసాఫ్ట్ అజూర్‌కి పుణె, చెన్నై, ముంబై. డిజిటల్ ఓషన్‌కి బెంగళూరు. వీటితోపాటు సింగపూర్, అమెరికాలో వర్జీనియా కూడా కలుపుకున్నాను, ఎందుకంటే చౌక ప్లాన్లు చాలావరకు అక్కడే దొరుకుతాయి.

కొలిచిన పద్ధతి:

1. ఒక్కో ఊరికి కర్ల్‌తో (వెబ్ అడ్రసుని అడిగి చూసే ఆదేశం) 20 సార్లు కనెక్షన్ టైం తీసుకున్నాను.
2. సగటు కాకుండా మధ్య విలువ రాసుకున్నాను. 4జీలో ఒక్క చెడ్డ కొలత సగటును పాడుచేస్తుంది.
3. పొద్దున 6కి ఒకసారి, సాయంత్రం 6కి ఒకసారి కొలిచాను.

పొద్దున వచ్చిన అంకెలు మిల్లీసెకన్లలో: చెన్నై 48, బెంగళూరు 55, హైదరాబాద్ 58, ముంబై 66, సింగపూర్ 92, వర్జీనియా 290.

ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు చాలు. చెన్నై ఇక్కడికి నూట యాభై కిలోమీటర్ల లోపే. అయినా 48 పట్టిందంటే ఆ టైమంతా ఫోనుకీ టవరుకీ మధ్య పోతోంది. సాయంత్రం చెన్నై అంకెలే 40 నుంచి 130 దాకా ఊగాయి. కాబట్టి చెన్నైనా ముంబైనా అన్న తర్జనభర్జన మాకు అక్కర్లేదని తేలిపోయింది. దేశంలో ఎక్కడైనా ఒకటే.

వర్జీనియాని మాత్రం ఇక్కడే కొట్టేశాను. కొత్తగా పేజీ తెరవాలంటే టీసీపీకి (కనెక్షన్ కలపడానికి) ఒక రాకపోక, టీఎల్‌ఎస్ 1.3కి (దానికి తాళం వేయడానికి) ఒకటి, అసలు రిక్వెస్టుకి ఇంకొకటి కావాలి. మూడు సార్లు 290 అంటే మొదటి అక్షరం రాకముందే 870 మిల్లీసెకన్లు పోతాయి.

ఇప్పటిదాకా: 5 గంటలు, రూ. 0.

దశ 2: రెడీమేడ్ ప్లాట్‌ఫాం, మూడు తప్పులు (ఏప్రిల్ 9–14)

కోడ్ తోస్తే చాలు, మిగతాది తనే చూసుకునే రకం ప్లాట్‌ఫాంతో మొదలుపెట్టాను. ఒకప్పుడు ఇలాంటి పనికి అందరూ హెరోకు పేరే చెప్పేవాళ్లు, దాని ఉచిత ప్లాన్లు 2022 నవంబర్ 28తో ఆగిపోయాయి. నేను తీసుకున్నది వేరేది.

మొదటి తప్పు. డిప్లాయ్ (కోడ్‌ని సర్వర్‌కి ఎక్కించడం) అయింది, లాగ్‌లో యాప్ మొదలైందని కూడా వచ్చింది, కానీ ఐదు నిమిషాలకి ప్లాట్‌ఫామే దాన్ని చంపేసింది. నా కోడ్ 127.0.0.1 మీద, 3000 పోర్టులో వింటోంది. కంటైనర్ (యాప్‌ని విడిగా మూసి నడిపే పెట్టె లాంటిది) లోపల ఆ అడ్రసు అంటే బయటివాళ్లకి తలుపు మూసినట్టే. 0.0.0.0కి (బయటినుంచి వచ్చినా వినే అడ్రసు) మార్చి, పోర్టు నంబర్‌ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్లాట్‌ఫాం ఇచ్చే సెట్టింగు) నుంచి తీసుకున్నాక నిలబడింది.

రెండో తప్పు పెద్దది. 212 పరీక్ష టోకెన్లు కొట్టాక ఒక చిన్న మార్పు చేసి మళ్లీ డిప్లాయ్ చేశాను. టోకెన్లన్నీ పోయాయి. ఇలాంటి ప్లాట్‌ఫాంలలో కంటైనర్ డిస్కు తాత్కాలికం, ప్రతి డిప్లాయ్‌కీ కొత్త కంటైనర్, కొత్త డిస్కు. ఎస్‌క్యూలైట్ ఫైలు పాతదానితోనే పోయింది. పరీక్షలో పోయింది కాబట్టి సరిపోయింది. సీజన్లో పోయి ఉంటే ఎవరి బండి ముందో చెప్పే రుజువే ఉండేది కాదు. రెండు రోజులు కూర్చుని పోస్ట్‌గ్రెస్‌కి (విడిగా నడిచే డేటాబేస్ సర్వర్) మార్చాను.

మూడోది నిద్ర. ఉచిత ప్లాన్‌లో 15 నిమిషాలు ఎవరూ అడగకపోతే యాప్ పడుకుంటుంది. లేవడానికి 40 సెకన్లు పట్టింది. తెల్లవారుజామున మొదటి బండితో వచ్చిన మనిషికి 40 సెకన్ల తెల్ల తెర చూపించలేను. డబ్బులు కట్టే చిన్న ప్లాన్‌కి మారాను.

ఇప్పటిదాకా: 14 గంటలు, రూ. 0. డబ్బు కట్టిన ప్లాన్ లెక్క వచ్చే దశలో పడుతుంది.

దశ 3: యాప్ ఒక ఊర్లో, డేటాబేస్ ఇంకో ఊర్లో (ఏప్రిల్ 16–22)

ఈ దశ కోసమే ఈ డైరీ రాస్తున్నానంటే తప్పులేదు.

యాప్ సింగపూర్‌లో ఉంది, ఆ ప్లాట్‌ఫాంకి మన దేశంలో రీజియన్ లేదు. డేటా మన దేశంలోనే ఉండాలని డేటాబేస్‌ని ముంబైలో వేరే కంపెనీ దగ్గర పెట్టాను. రెండూ విడివిడిగా మంచి నిర్ణయాలే అనిపించాయి. గేటు దగ్గర ఫోన్లో చూపిస్తే మామ పేజీ తెరిచి, కళ్లద్దాలు పైకి జరిపి, తెర మీద గిర్రున తిరుగుతున్న గుండ్రం చూస్తూ అన్నాడు: "ఇది తెరుచుకునే లోపల బండి కాటా దాటి పోతా ఉండాది అల్లుడా."

సర్వర్‌లో ఒక్కో క్వెరీకి (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ముందూ వెనకా టైం ప్రింట్ చేయించాను. టోకెన్ పేజీ ఒక్కసారి తెరిస్తే 14 క్వెరీలు పోతున్నాయి: ఇప్పటి నంబరు, రకాల జాబితా, ఒక్కో రకానికి ధర, ఒక్కో కాటాకి లైను, ఇలా. ఎస్‌క్యూలైట్ ఉన్నప్పుడు ఫైలు పక్కనే ఉండేది కాబట్టి 14 అయినా నలభై అయినా తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్కో క్వెరీ సింగపూర్ నుంచి ముంబైకి పోయి రావాలి, దానికి 64 మిల్లీసెకన్లు. 14 సార్లు 64 అంటే 896. డేటాబేస్ లోపల అసలు పని మొత్తం 5 మిల్లీసెకన్లు కూడా లేదు. మిగతాదంతా సముద్రం మీద ప్రయాణమే.

కనెక్షన్ తెరిచి ఉన్న ఫోన్లో గేటు దగ్గర కొలతలు:

1. ముందు: 1,136 మిల్లీసెకన్లు.
2. 14 క్వెరీలని 2కి కుదించాక: 368.
3. యాప్‌నీ డేటాబేస్‌నీ ముంబైలో ఒకే చోట పెట్టాక: 148.

మొదటి సవరణ కోడ్‌ది, రెండోది చోటుది. కోడ్ సవరించకుండా చోటు మాత్రం మార్చినా అంకె బాగానే వచ్చేది, కానీ ఆ 14 క్వెరీలు అలాగే దాక్కుని ఉండేవి. అందుకని కోడ్ ముందు సరిచేశాను.

దీన్నిబట్టి ప్లాట్‌ఫాం జాబితాలో ఒక గీత గీశాను. యాప్, డేటాబేస్, రెండూ మన దేశంలో ఒకే రీజియన్లో ఇవ్వలేని ప్లాట్‌ఫాం ఎంత బాగున్నా వద్దు.

ఇప్పటిదాకా: 24 గంటలు, రూ. 610.

దశ 4: పెద్ద క్లౌడ్, గంటల బిల్లు (ఏప్రిల్ 23 – మే 2)

పెద్ద క్లౌడ్‌లలో ఒకదానిలో పద్ధతి ప్రకారం కట్టాను: కంటైనర్ సర్వీసు, ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులని పంచేది), ప్రైవేట్ నెట్‌వర్క్, అందులోంచి బయటికి పోవడానికి నాట్ గేట్‌వే, మేనేజ్డ్ (కంపెనీయే చూసుకునే) పోస్ట్‌గ్రెస్. ఒక సాయంత్రంలో నడిచింది. వేగం కూడా బాగుంది. మర్నాడు కంటైనర్‌నీ డేటాబేస్‌నీ తీసేసి, అంతా తీసేశాననే అనుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత బిల్లు చూశాను. లోడ్ బ్యాలెన్సర్, నాట్ గేట్‌వే అలాగే ఉన్నాయి. ఎవరూ వాడకపోయినా వాటికి గంట లెక్కన పడుతుంది. నాకు రెండూ కలిపి గంటకి రూ. 8.20 పడింది. 216 గంటలకి రూ. 1,771, జీఎస్టీ 18 శాతంతో రూ. 2,090.

ఇది నా పొరపాటే, కానీ ఎవరికైనా జరుగుతుంది. అందుకని మొదటి రోజే చేయాల్సినవి:

1. ఏదీ కట్టకముందే బడ్జెట్ హెచ్చరిక పెట్టండి. నేను ఇప్పుడు రూ. 300కి ఒకటి, రూ. 1,000కి ఒకటి పెడతాను.
2. చేత్తో నొక్కి కట్టకుండా టెర్రాఫాం (ఏమేం కట్టాలో ఫైల్లో రాస్తే కట్టిపెట్టే టూల్) ఫైల్లో రాసి కట్టండి. తీసేసేటప్పుడు ఒక్క ఆదేశంతో అన్నీ పోతాయి.
3. నెలకి 730 గంటలు. గంట ధర ఎంత చిన్నగా కనిపించినా 730తో గుణించి చూడండి.

పబ్లిక్ ఐపీ అడ్రసుకి కూడా ఇదే లెక్క. ఉదాహరణకి అమెజాన్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ఒక్కో ఐపీవీ4 అడ్రసుకి గంటకి 0.005 డాలర్లు తీసుకుంటోంది. అంటే నెలకి 3.65 డాలర్లు.

కార్డు సంగతి ఒక మాట. రిజర్వ్ బ్యాంకు నియమాల వల్ల 2021 అక్టోబర్ నుంచి కార్డు మీద నెలనెలా దానంతట అదే డబ్బు తీసుకోవాలంటే ముందు ఇ-మ్యాండేట్ (బ్యాంకుకి మనం ఇచ్చే అనుమతి) ఉండాలి. సీజన్ మధ్యలో చెల్లింపు ఆగి సర్వర్ ఆగకూడదు. యూపీఐతో ముందే బ్యాలెన్స్ వేసుకునే వీలున్నచోటే చూశాను.

కుబర్నెటిస్ (చాలా కంటైనర్లని ఒకేసారి నడిపే వ్యవస్థ) ఎందుకు చూడలేదని ఒక స్నేహితుడు అడిగాడు. మాకున్నది ఒక యాప్, ఒక డేటాబేస్. అవసరం లేదు.

ఇప్పటిదాకా: 29 గంటలు, రూ. 2,700.

దశ 5: నిర్ణయం, ఆ వెంటనే వచ్చిన చిక్కులు (మే 2–9)

మన దేశంలో రీజియన్ ఉన్న రెడీమేడ్ ప్లాట్‌ఫాంకి లెక్క వేశాను. యాప్‌కి రూ. 1,200, డేటాబేస్‌కి రూ. 1,250, బ్యాకప్‌కి రూ. 100, పైన జీఎస్టీ. మొత్తం రూ. 3,009. రెండో షరతు దాటింది. రూ. 3,000 పెట్టగలిగి, సర్వర్ అప్‌డేట్లు చూసుకునే ఓపిక లేనివాళ్లు మాత్రం అదే తీసుకోండి, మీకు అదే మేలు.

నేను తీసుకున్నది మామూలు వర్చువల్ మెషీన్ (పెద్ద సర్వర్లో అద్దెకి ఇచ్చే ఒక వాటా), ఉబుంటు 22.04. దాని మీద డాకర్ కంపోజ్‌తో (కంటైనర్లని కలిపి నడిపే టూల్) యాప్, పోస్ట్‌గ్రెస్ 16, ముందు ఎన్‌జిన్ఎక్స్ (రిక్వెస్టులని ముందు అందుకునే వెబ్ సర్వర్).

చిక్కు 1. డబ్బు మిగులుతుందని 1 జీబీ మెమరీది తీసుకున్నాను. సర్వర్ మీదే ఇమేజ్ (కంటైనర్ నడవడానికి కావాల్సినవన్నీ ఉన్న మూట) బిల్డ్ చేస్తుంటే మధ్యలో ఆగి 137 అని వచ్చింది. 137 అంటే 128కి 9 (బలవంతంగా చంపే సిగ్నల్ నంబరు) కలిపితే వచ్చేది, అంటే మెమరీ చాలక కెర్నల్ ప్రాసెస్‌ని చంపేసింది. స్వాప్ (డిస్కుని మెమరీలా వాడడం) పెట్టి చూశాను, బిల్డ్ 14 నిమిషాలు పట్టింది, ఆ సేపంతా యాప్ నత్తనడక. చివరికి బిల్డ్‌ని తిరుపతిలో నా ల్యాప్‌టాప్ మీద చేసి, తయారైన ఇమేజ్‌ని రిజిస్ట్రీకి (ఇమేజ్‌లు దాచే చోటు) పంపే పద్ధతి పెట్టాను. రెండు అంచెల బిల్డ్ (తయారీకి ఒకటి, నడపడానికి ఒకటి), స్లిమ్ బేస్ (చిన్న సైజు మూల ఇమేజ్) వాడాక ఇమేజ్ 1.1 జీబీ నుంచి 164 ఎంబీకి దిగింది. మెషీన్ కూడా 2 జీబీకి మార్చాను.

చిక్కు 2. లోడ్ పరీక్షలో సెకనుకి 40 రిక్వెస్టులు పెట్టగానే పోస్ట్‌గ్రెస్ ఇక కనెక్షన్లు ఇవ్వనంది. నాలుగు ప్రాసెస్‌లు, ఒక్కోదానికి 25 కనెక్షన్ల పూల్ (తెరిచి ఉంచుకునేవి), మొత్తం 100. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి కూడా 100, కానీ అందులో 3 సూపర్‌యూజర్ కోసం దాచి ఉంటాయి. పరిమితి పెంచకుండా పూల్‌ని 5కి తగ్గించాను. మొత్తం 20 కనెక్షన్లతో పరీక్ష పది నిమిషాలూ నిలబడింది, పైగా ముందుకంటే వేగంగా నడిచింది. వంద రిక్వెస్టుల్లో 95 రిక్వెస్టులకి జవాబు 210 మిల్లీసెకన్ల లోపల వచ్చింది.

చిక్కు 3. డాకర్ మామూలుగా లాగ్ ఫైళ్లకి హద్దు పెట్టదు. లోడ్ పరీక్ష ఒక్క రాత్రిలో 6 జీబీ లాగ్ నింపింది. ఫైలుకి 10 ఎంబీ, మొత్తం 3 ఫైళ్లు అని హద్దు పెట్టాను.

లైను పేజీ అందరికీ ఒకటే కాబట్టి ఎన్‌జిన్ఎక్స్‌లో 5 సెకన్ల కాష్ (ఒకసారి వచ్చిన జవాబుని దాచి మళ్లీ ఇవ్వడం) కూడా పెట్టాను. ఇప్పుడు 400 ఫోన్లు అడిగినా ఆ పేజీ కోసం యాప్ దాకా వచ్చేది ఐదు సెకన్లకి ఒక్క రిక్వెస్టే.

ఖర్చు: 1 జీబీ మెషీన్‌కి వాడిన రోజులకి రూ. 210. 2 జీబీ మెషీన్‌కి నెలకి రూ. 1,050, జీఎస్టీ రూ. 189, మొత్తం రూ. 1,239. బ్యాకప్‌లకి వేరే కంపెనీ దగ్గర ఆబ్జెక్ట్ స్టోరేజ్ (ఫైళ్లు దాచుకునే అద్దె చోటు) రూ. 90.

ఇప్పటిదాకా: 46 గంటలు, రూ. 4,239.

దశ 6: గేటు దగ్గర పరీక్ష (మే 10–18)

మే నెలలో బేనీషా (బంగినపల్లి) బండ్లు కొన్ని వస్తుంటాయి కాబట్టి అసలు లైను మీదే పెట్టి చూశాం.

మే 11 తెల్లవారుజామున నేను గుమాస్తా అన్న పక్కనే ఉన్నాను. ముందురోజు 43వ టోకెన్‌తో ముగిసింది. 4:10కి మొదటి బండి వచ్చింది. తెర మీద 1 రావాలి, 44 వచ్చింది. కొత్త రోజు మొదలవలేదేమో, తర్వాత చూద్దామని ఊరుకున్నాం. అలా 52 దాకా పోయింది. 5:30 దాటి రెండు నిమిషాలకి వచ్చిన బండికి 1 వచ్చింది. ఆ బండి ఆయన చీటీ పట్టుకుని నేరుగా కాటా దగ్గరికి పోయాడు. 44 చీటీ చేతిలో ఉన్న పెద్దాయన గంటన్నరగా ట్రాక్టరు దిగకుండా కూర్చున్నాడు. "ఏం సామీ, నాలుగు గంటలకి వచ్చినోడిని నేను, ఈయన ఒకటో నంబరు ఎట్లా అయినాడు?" అని అడిగాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ పూట లైనంతా చేత్తో కాగితం మీద రాసి నడిపాం.

కారణం: సర్వర్ గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైం). మనకీ దానికీ 5 గంటల 30 నిమిషాల తేడా. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మనకి పొద్దున 5:30. పాత ల్యాప్‌టాప్ మన టైంలోనే ఉండేది కాబట్టి ఈ తప్పు ఏడాదిపాటు బయటపడలేదు. సర్వర్ గడియారాన్ని మార్చలేదు, అది యూటీసీలోనే ఉండడం మంచిది. టోకెన్ టైంని టైంజోన్‌తో సహా దాచి, మండీ రోజుని లెక్కించే చోట మాత్రం ఏషియా కోల్‌కతా టైంజోన్ రాశాను. మర్నాడు 4:05కి 1 వచ్చింది.

మే 13న బ్యాకప్ తెరిచాను. రాత్రిపూట క్రాన్ (చెప్పిన టైంకి పని నడిపేది) తీసిన ఫైళ్లు పది ఉన్నాయి. ఒక్కోటి సరిగ్గా 20 బైట్లు. జీజిప్‌కి (ఫైలుని కుదించే ఆదేశం) ఏమీ ఇవ్వకపోతే తయారయ్యే ఖాళీ ఫైలు సైజు అది. ఉబుంటు 22.04తో వచ్చే పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటాని ఫైల్లోకి తీసే ఆదేశం) 14వ వెర్షన్, నా డేటాబేస్ 16. తనకంటే కొత్త సర్వర్ నుంచి డంప్ తీయడానికి అది ఒప్పుకోదు. కానీ పైప్‌లో (ఒక ఆదేశం ఇచ్చినదాన్ని ఇంకోదానికి పంపే వరస) చివరి ఆదేశం జీజిప్ కాబట్టి స్క్రిప్టుకి అంతా సవ్యంగానే జరిగినట్టు కనిపించింది.

మార్చినవి:

1. పీజీ డంప్‌ని పోస్ట్‌గ్రెస్ కంటైనర్ లోపలే నడిపిస్తున్నాను, వెర్షన్ ఎప్పుడూ ఒకటే ఉంటుంది.
2. స్క్రిప్టు మొదట్లో పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఏ ఆదేశం తప్పినా తప్పుగానే చూపేది) పెట్టాను.
3. ఫైలు 50 కేబీ కంటే తక్కువైతే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.
4. ప్రతి ఆదివారం కొత్త మెషీన్ తీసుకుని దాని మీద బ్యాకప్ ఎక్కించి చూస్తున్నాను. మొదటిసారి అంతా కలిపి 19 నిమిషాలు పట్టింది. నాలుగో షరతు నిలబడింది.

ఇక మూడో షరతు. ఒక్కో ఇమేజ్‌కి తేదీతో పేరు పెట్టాను, పాతవి ఐదు ఉంచుతాను. మండీ కంప్యూటర్ మీద ఒక ఐకాన్ ఉంది. అది వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీకి (దూరం నుంచి సర్వర్‌లోకి పోయే తాళంచెవి) సర్వర్‌లో ఒకే ఒక ఆదేశం కట్టేశాను: ఇంతకుముందు ఇమేజ్‌కి తిప్పు. ఆ కీ ఎవరి చేతిలో పడినా ఇంకేదీ నడవదు. మే 16న కావాలనే చెడ్డ వెర్షన్ ఎక్కించి, బావమరిదికి ఫోన్ చేసి "పేజీ పోయింది, చూడు" అని మాత్రం చెప్పాను. 11 నిమిషాలు పట్టింది. ఐకాన్ నొక్కాక నల్లటి కిటికీ తెరుచుకుని మూసుకుంటోంది. పని అయిందో లేదో వాడికి తెలియక నాలుగుసార్లు నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ ఇంకా ఒక వెర్షన్ వెనక్కి పోయింది. ఒకసారి నొక్కాక పది నిమిషాలు మళ్లీ పనిచేయకుండా చేసి, చివర్లో తెలుగులో "అయింది, 15వ తేదీది నడుస్తోంది" అని కనిపించి ఆగేలా మార్చాను. మే 18న మళ్లీ పరీక్ష పెట్టాను, 2 నిమిషాల 10 సెకన్లు.

ఇప్పటిదాకా: 58 గంటలు, రూ. 4,239. ఇక నుంచి నెలకి రూ. 1,329.

మే 24

బెంగళూరు కాయ ఇంకా దిగలేదు. గేటు దగ్గర కొత్తగా తెరిచిన పేజీ 0.9 సెకన్లు, మెమరీ వాడకం 1.1 జీబీ, డిస్కు 31 శాతం. మిగిలిన పనులు రెండు: డిస్కు 80 శాతం దాటితే హెచ్చరిక పెట్టడం, గేటు దగ్గర రెండో కంపెనీ సిమ్‌తో ఇంకో ఫోన్ పెట్టడం. సిమ్ మామ తెస్తానన్నాడు.